అమెరికా రహదారులపై ప్రయాణ సమాచార రేడియోను వినడం ఎలా?

అమెరికాలో జాతీయ పార్కుల ప్రవేశద్వారాల దగ్గర, పెద్ద వంతెనల ముందు, మంచు కురిసే కనుమదారుల మొదట్లో ఫలానా ఏఎం (మీడియం వేవ్) రేడియో నంబరు పెట్టుకోమని చెప్పే నీలిరంగు బోర్డులు కనిపిస్తాయి. పార్కుల దగ్గర ఆ నంబరు చాలాచోట్ల 1610. 1977లో అక్కడి రేడియో ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ చేసిన నిబంధనల కింద నడిచే ఈ చిన్న కేంద్రాలు దారి మూసివేత, ప్రమాదాలు, వాతావరణం, బస వంటి విషయాలనే రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వీటిలో పాటలు, వ్యాపార ప్రకటనలు ఉండవు. ఫోన్ సిగ్నల్ అందని కొండదారిలో పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఆ రెండు నిమిషాల మాటలు ఎంతో విలువైనవి కాబట్టి, వాటిని వినే పద్ధతిని ముందే తెలుసుకోవడం మంచిది.

మొదట ప్రసారం ఎంత దూరం అందుతుందో లెక్క వేసుకోవాలి. స్తంభపు యాంటెన్నాతో నడిచే కేంద్రంలో ట్రాన్స్‌మిటర్ శక్తి 10 వాట్లకు, అంటే ఇంట్లోని ఎల్ఈడీ బల్బుపాటికి, మించకూడదు. యాంటెన్నా ఎత్తు 15 మీటర్లు దాటకూడదు. 1610 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 186 మీటర్లు గనుక, అందులో నాలుగో వంతు, అంటే 46 మీటర్ల స్తంభం ఉంటేనే యాంటెన్నా సమర్థంగా పనిచేస్తుంది. 15 మీటర్ల స్తంభానికి అందిన శక్తిలో చాలా భాగం యాంటెన్నాకు జతచేసే తీగచుట్టలోనూ నేలలోనూ వేడిగా పోతుంది. పైగా 1.5 కిలోమీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకు 2 మిల్లీవోల్టులకు మించకూడదన్నది నిబంధన. దూరం రెట్టింపైతే బలం సగమవుతుంది కాబట్టి, 3 కిలోమీటర్ల దగ్గర అది 1 మిల్లీవోల్టు, 6 కిలోమీటర్ల దగ్గర అర మిల్లీవోల్టు. కారు రేడియోలో మాటలు తేటగా వినిపించడానికి ఇంచుమించు అదే చివరి హద్దు. తడినేల మీద, ఉప్పునీటి ఒడ్డున తరంగం ఇంతకంటే బాగా సాగుతుంది. రాతినేల, ఎండిన ఇసుక దాన్ని త్వరగా మింగేస్తాయి. కొన్నిచోట్ల స్తంభానికి బదులు దారి వెంట కేబుల్ వేస్తారు, అక్కడ రోడ్డు దాటి పక్కకు వెళ్తే దాదాపు ఏమీ వినిపించదు.

తరువాత సమయం చూసుకోవాలి. అటు 6, ఇటు 6 కలిపి 12 కిలోమీటర్ల మేరను గంటకు 105 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఏడు నిమిషాలైనా పట్టదు. బోర్డు కనబడ్డాక డ్రైవరు నంబరు వెతుక్కోవడం ప్రమాదం కూడా. బయలుదేరే ముందే 1610ని, దారిలో వచ్చే మిగతా నంబర్లను రేడియో బటన్లలో భద్రపరచుకోవాలి. బోర్డు మీద దీపాలు మిణుకుమంటుంటే అత్యవసర సందేశం ఉన్నట్టు, అప్పుడు వినడం మానవద్దు.

మాటలకు బదులు గరగర వస్తే, తప్పు కేంద్రానిదే అనుకోకముందు కారులోని ఛార్జర్లు పీకి చూడాలి. ఒక పార్కు ద్వారం దగ్గర వరుసలో ఆగి ఉన్నప్పుడు మా కారు రేడియోలో సన్నని ఈల తప్ప ఏమీ వినిపించలేదు. సిగరెట్ లైటర్ సాకెట్‌లోని ఫోన్ ఛార్జర్ తీయగానే, ఎదుటి కనుమదారి మూసి ఉందని చెబుతున్న గొంతు తేటగా వచ్చింది. హైటెన్షన్ తీగల కింద, ఇనుప వంతెన మీద కూడా ఇలాగే అవుతుంది గనుక, అవి దాటాక మళ్లీ ప్రయత్నించాలి.

సాధ్యమైతే పగటిపూటే వినాలి. మన ట్రాన్సిస్టర్లలో రాత్రి పొద్దుపోయాక మీడియం వేవ్‌లో ఎక్కడెక్కడి స్టేషన్లో తగిలేవి, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పగలు ఆ తరంగాలను పీల్చేసే వాతావరణపు పై పొర చీకటి పడగానే పలచబడటమే అందుకు కారణం. ఆ దూరపు స్టేషన్ల హోరులో 10 వాట్ల గొంతు ఒకటి రెండు కిలోమీటర్లకే మునిగిపోవచ్చు.

కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం అసలు ఉండదు కాబట్టి, అద్దెకు తీసుకునేటప్పుడే అడగాలి. లేకపోతే జేబు రేడియో చాలు, అయితే కారు రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది గనుక కారు ఆపి బయటికి తెచ్చి, గొంతు పెరిగే దిక్కు దొరికే దాకా నెమ్మదిగా తిప్పాలి. ఇండియా నుంచి తెచ్చిన డిజిటల్ రేడియో 9 కిలోహెర్ట్జ్ అంగలతో కదులుతుంది, అమెరికాలో అంగ 10. మార్చుకునే వీలుంటే 10కి మార్చాలి. లేకపోతే 1610కి బదులు 1611 పెట్టినా మాటలు అర్థమవుతాయి.