తెర మీద పెదాలకూ మాటకూ పొంతన కుదిరిందిలా (నా అనుభవం)

గుంటూరు కల్యాణమండపాల్లో చాలామంది అడిగేదే: భోజనాల హాల్లోని ఎల్‌ఈడీ తెర మీద పంతులుగారి పెదాలు కదలకముందే మంత్రం వినిపిస్తుంది. కేబుళ్లు, మైకు, కెమెరా మార్చినా లాభం లేదు. బొమ్మను ఆలస్యం చేసేది వీడియో స్విచ్చర్ (ఏ కెమెరా బొమ్మ చూపాలో మార్చే పెట్టె), ఎల్‌ఈడీ ప్రాసెసర్ (ఆ బొమ్మను తెరకు సరిపడేలా మార్చి పంపేది).

కెమెరా ముందు ఒకరు చప్పట్లు కొట్టాలి. తెరను ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగ్ యాప్‌లో చప్పుడు దగ్గర్నుంచి తెరపై అరచేతులు కలిసేదాకా ఫ్రేములు లెక్కపెట్టాలి. ఒక్కోటి 16.7 మిల్లీసెకన్లు. 8 వచ్చాయి, అంటే దాదాపు 133. సౌండ్ మిక్సర్లో ఆ హాలు స్పీకర్ల ఔట్‌పుట్‌కి మాత్రమే 140 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) పెట్టాం.

కాస్త ఎక్కువే పెట్టడం కావాలనే. పిడుగులో మెరుపే ముందు కదా, శబ్దం వెనకబడితే మెదడు 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోదు. ముందొస్తే 45కే పసిగడుతుంది.

వేదిక ఎదురుగా కనిపించే హాల్లో మాత్రం ఇది కుదరకపోవచ్చు. అక్కడ అసలు మనిషి పెదాలకే మాట వెనకబడుతుంది.