పిట్ట లేవక ముందే షట్టర్ వేగం పెంచండి

గట్టు మీద కదలకుండా నిలబడ్డ కొంగను ఫొటో తీయడానికి 1/500 సెకను షట్టర్ వేగం చాలు. అదే సెట్టింగ్‌లో ఉండగా కొంగ లేచిందంటే రెక్కల కొసలు అలుక్కుపోతాయి. డయల్ తిప్పేలోపు అది చెరువు దాటేస్తుంది. కాబట్టి పిట్ట కూర్చుని ఉండగానే, ఎగిరే పిట్టకు సరిపడా కెమెరాను సిద్ధం చేసుకోవాలి.

మాన్యువల్ మోడ్, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్5.6, ఆటో ఐఎస్ఓ (వెలుగుకు తగ్గట్టు సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునే పద్ధతి), దాని గరిష్ఠ పరిమితి 6400. ఫోకస్ కదిలే పిట్టను వెంటాడే కంటిన్యువస్‌లో ఉండాలి. షట్టర్ కొంగలకు 1/1600, గరుడ పక్షికి 1/2000, లకుముకికి 1/3200కు తగ్గకూడదు. 1/500 నుంచి 1/3200కు పోతే ఐఎస్ఓ 400 కాస్తా 2500 అవుతుంది. నాయిస్‌కు (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలకు) భయపడకండి. దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కంటిని మాత్రం ఏం చేసినా బాగుచేయలేం.

ఆటో ఐఎస్ఓ దెబ్బతినేది ఫిషింగ్ హార్బర్‌లో. గరుడ పక్షి ఒక్క చుట్టులోనే తెల్లటి ఆకాశం ముందు నుంచి నల్లటి బోటు ముందుకు వస్తుంది. మొదటి ఫొటోలో పిట్ట నల్లబడుతుంది, రెండోదాంట్లో తెల్లటి తల వివరాలేవీ లేకుండా తెల్లబారిపోతుంది. ఎండ నిలకడగా ఉంటే, అదే ఎండ పడుతున్న సిమెంటు గట్టు మీద మీటరింగ్ (కెమెరా చూపే వెలుగు కొలత) చూసుకుని ఐఎస్ఓను కూడా అక్కడే కట్టేయండి. ఆ తర్వాత వెనక ఏమున్నా పిట్ట మీద వెలుగు మారదు.

పిట్ట ఎటు లేస్తుందో గాలి చెబుతుంది. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి. తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ఎండెక్కాక సముద్రం నుంచి మళ్లుతుంది. బోట్ల మీద కట్టిన జెండాలు చూస్తే చాలు. పిట్ట వెళ్లబోయే వైపు ఫ్రేములో ఖాళీ వదలండి, జూమ్ కొంచెం వెనక్కి లాగండి. చాలాసార్లు రెక్కలు తెగిపోయేది ఇక్కడే. కొంగ మెడ లోపలికి లాక్కుని ముందుకు వంగినా, రెట్ట వేసినా వేలు షట్టర్ మీదకు వెళ్లాలి.

అచ్యుతాపురం దగ్గరి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సులో నలుపు తెలుపు లకుముకిని తీయాలంటే ఓపిక పట్టాలి. నీటికి పైన ఒకేచోట రెక్కలాడిస్తూ, ముక్కు కిందికి దించి ఆగుతుంది. రెక్కలు ఎంత కొట్టుకున్నా తల మాత్రం కదలదు. ఫోకస్ తలకు పట్టించాల్సింది అప్పుడే. ఆ సమయంలో మూడు నాలుగు ఫ్రేములకు మించి తీయకండి. బటన్ నొక్కిపట్టి బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నింపేస్తే అసలు దూకుడు సమయానికి కెమెరా మొండికేస్తుంది. రెక్కలు ముడిచిందంటే దూకినట్టే. ఆ దూకుడు వెంట లెన్స్ పరుగెత్తించడం కన్నా, పిట్టకు సరిగ్గా కింద ఉన్న నీటి మీదకు ఫ్రేమ్ దించి, పైకి లేచేటప్పుడు తీయడం తేలిక. 400 ఎంఎం లెన్స్‌తో 15 మీటర్ల దూరంలో ఎఫ్5.6 దగ్గర, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా ఉండే లోతు అర మీటరే. వెలుగుంటే ఆ లోతు పెరిగేలా ఎఫ్8 పెట్టుకోండి.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా అయితే సైలెంట్ మోడ్ తీసేయండి. చాలా కెమెరాల్లో ఆ మోడ్ వాడే ఎలక్ట్రానిక్ షట్టర్‌కు వేగంగా కొట్టుకునే రెక్క వంకర తిరిగి కనిపిస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటికి తీస్తే మన తీరపు గాలిలోని తేమకు లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. దిగాక అరగంటపాటు బ్యాగు మూసే ఉంచండి, లేదా దారిలోనే ఏసీ ఆపేయండి.