స్కై దీవికి స్నేహితుల్ని తీసుకెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు మరవకండి

జూన్ వచ్చిందంటే యూకేలోని మన ఇళ్లకి ఇండియా నుంచి స్నేహితులు, వాళ్లతోపాటు పెద్దవాళ్లు రావడం మొదలవుతుంది. లండన్, ఎడిన్‌బరా అయ్యాక అందరూ అడిగేది స్కాట్లాండ్‌లోని స్కై దీవి. తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే వాళ్లు ఫోన్‌లో చూసి వచ్చిన ఫొటోల్లో గాలి కనిపించదు, కాలు జారే తడి రాయి కనిపించదు. ఆ సంగతి వాళ్లకి ముందే చెప్పాల్సింది మనమే.

గ్లాస్గో నుంచి స్కైలోని ప్రధాన ఊరు పోర్ట్రీకి కారులో ఐదు గంటల పైనే పడుతుంది. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దామంటే ఒప్పుకోకండి. కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. వేసవిలో గదులు దొరకవు, అందుకే ముందు గది, తర్వాతే మిగతా ప్లాను.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది రోడ్డు మీద. 1995లో వంతెన తెరిచారు, 2004 చివర్లో టోల్ కూడా తీసేశారు. దాంతో దీవిలోకి వెళ్లడం తేలికే. లోపల చాలా చోట్ల సింగిల్ ట్రాక్ రోడ్లు, అంటే ఒక్క బండి పట్టే దారి. అక్కడక్కడా ఎదురు బండికి దారివ్వడానికి పాసింగ్ ప్లేస్ ఉంటుంది. అది మీకు ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోండి. కుడివైపు ఉంటే లోపలికి వెళ్లకుండా దానికి ఎదురుగా మీ వైపునే ఆగండి, ఎదుటివాళ్లు అందులోకి తప్పుకుని వెళ్లిపోతారు. వెనక స్థానికులు వస్తుంటే వాళ్లకీ అలాగే దారివ్వండి, పాపం వాళ్లు పనులకి వెళ్తుంటారు. ఫొటో కోసమని అందులో బండి పార్క్ చేయొద్దు, అంబులెన్స్‌కీ అదే దారి. పక్కనున్న గడ్డి మీదకి దింపితే చక్రం దిగబడిపోతుంది.

ఇండియా లైసెన్సుతో ఇక్కడ 12 నెలల దాకా నడపొచ్చు. ఎడమవైపు నడపడం కూడా మనవాళ్లకి అలవాటే. అయినా ఈ రోడ్ల మీద స్టీరింగ్ మీ చేతిలోనే ఉంచుకోండి. మన దగ్గర ఎదుటివాడు లైట్లు కొట్టాడంటే ‘నేనొస్తున్నా, ఆగు’ అని. ఇక్కడ ఎక్కువమంది లైటు కొట్టేది ‘మీరు రండి’ అని. ఆ కంగారులో ఇద్దరూ ఆగిపోవడమో, ఇద్దరూ ముందుకు రావడమో జరుగుతుంది. స్టాఫిన్ ఊరి నుంచి క్విరాంగ్ కొండకి ఎక్కే నిటారు మలుపుల్లో ఆ తికమక చాలా ప్రమాదం.

బండి ఆపాక గాలి సంగతి చూడండి. వెనక నుంచి గాలి కొడుతుంటే కారు తలుపు తెరవగానే చేతిలోంచి విసురుగా లాక్కుపోతుంది, మడతబందులు వంగిపోతాయి. వీలైతే బండి ముఖం గాలికి ఎదురుగా పెట్టి ఆపండి. పిల్లల్ని తలుపు తీయనివ్వకండి. గొడుగులు ఇంట్లోనే వదిలేయండి, రెయిన్‌కోటే గతి. జీన్స్ తడిస్తే ఆరదు, చలి ఒంటికి పట్టేస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న వాళ్లని బట్టి చోటు ఎంచుకోండి. నీస్ట్ పాయింట్‌లో 1909 నాటి లైట్‌హౌస్ ఉంది. అక్కడికి ముందు దిగుడు, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. దిగేటప్పుడు హుషారుగానే ఉంటారు, ఇబ్బందంతా తిరిగొచ్చేటప్పుడే. నా మటుకు పెద్దవాళ్లకి కార్ పార్క్ దగ్గర, పైనుంచి కనిపించే దృశ్యమే చాలు. కొండ అంచున కంచె ఉండదు, సెల్ఫీకని అటు నడవనివ్వకండి. సముద్రపు ఒడ్డున నిటారుగా ఉండే కిల్ట్ రాక్ కొండ పెద్దవాళ్లకి హాయి. బండి దిగి నాలుగడుగులు వేస్తే రెయిలింగ్, దాని అవతల నేరుగా సముద్రంలోకి దూకే జలపాతం. ఓల్డ్ మాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం దాకా ఎక్కే వాళ్లకి పట్టున్న బూట్లు ఉండాల్సిందే. కూలిన్ శిఖరాల జోలికి మాత్రం వెళ్లొద్దు, అక్కడి రాళ్లలోని అయస్కాంత గుణానికి దిక్సూచి కూడా తప్పు చూపిస్తుంది. ఫెయిరీ పూల్స్ అనే కొండవాగు మడుగుల్లో నీళ్లు జూలైలో కూడా గడ్డకట్టినంత చల్లగా ఉంటాయి. ఈత వచ్చిన వాళ్లకైనా దూకగానే ఊపిరి అందదు.

మే నుంచి సెప్టెంబర్ దాకా, గాలి లేని సాయంత్రాల్లో మిడ్జెస్ అనే, దోమల్లా కుట్టే చిన్న పురుగులు గుంపులుగా ముసురుతాయి. ఒంటికి రాసుకునే మందు దగ్గరుంచుకోండి. అంతకంటే పట్టించుకోవాల్సింది పిడుదుల్ని. గడ్డిలో తిరిగితే ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని, రాత్రి మోకాళ్ల వెనక, చంకల్లో వెతుక్కోండి. కనిపిస్తే చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా పైకి లాగాలి. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు మచ్చ సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో బయటపడుతుంది. అప్పటికి మీ స్నేహితులు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటారు. ఒంటి మీద గుండ్రంగా పెరిగే ఎర్ర మచ్చ వస్తే, స్కాట్లాండ్‌లో గడ్డిలో తిరిగామని డాక్టరుకి చెప్పమని ఇప్పుడే చెప్పి పెట్టండి.

విస్కీ తయారుచేసే టాలిస్కర్ డిస్టిలరీకి వెళ్తే డ్రైవర్ చుక్క కూడా ముట్టొద్దు. స్కాట్లాండ్‌లో డ్రైవర్లకి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాముల ఆల్కహాలే, ఇంగ్లండ్‌లో ఉన్న 80 కంటే తక్కువ. శాకాహారులుంటే పులిహోర కలిపి పెట్టుకెళ్లండి, రాత్రి హోటళ్ల వంట త్వరగా కట్టేస్తారు.

సిగ్నల్ చాలా చోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కొండ మీద ప్రమాదమైతే 999కి ఫోన్ చేసి పోలీసుల్ని, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూని అడగాలి. సముద్రపు ఒడ్డునైతే కోస్ట్‌గార్డ్‌ని. విజిటర్లకి ఎమర్జెన్సీ విభాగంలో వైద్యం ఉచితమే కానీ ఆస్పత్రిలో చేర్చుకుంటే బిల్లు పడుతుంది. అందుకే వాళ్లు ఇండియాలో విమానం ఎక్కకముందే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకున్నారో లేదో అడిగి, పాలసీ కాపీ మీ ఫోన్‌లోకి తెప్పించుకోండి.