పాత ఏటీవీ స్టార్ట్ కావట్లేదా? ముందు శబ్దం వినండి

ఏటీవీ, అంటే పొలాల్లో, మట్టి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి, మొరాయిస్తే తోసుకుంటూ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లడం కుదరదు. మన దగ్గర వీటిలో చాలావాటికి రోడ్డు మీద తిరగడానికి రిజిస్ట్రేషనే ఉండదు. పెనుమాకలో మా అరటి తోటలో ఎరువు బస్తాలు, గెలలు మోసే 110 సీసీ బండి ఆగిందంటే చిన్న ట్రక్కు మాట్లాడుకోవాలి, నలుగురం పట్టి ఎక్కించాలి, వారధి దాటించి విజయవాడ ఆటోనగర్‌కు చేర్చాలి. కిరాయి పోతుంది, ఒక పూట పని పోతుంది. తీరా అక్కడ తేలేది ఒక్కోసారి ఒక చిన్న ఫ్యూజు. అందుకే తప్పు ఎక్కడుందో షెడ్డులోనే తేల్చుకోండి. ఈ చిన్న ఏటీవీల ఇంజన్లు మన మోటార్ సైకిల్ ఇంజన్ల లాంటివే. స్పార్క్ ప్లగ్గు విప్పడం వచ్చిన వాళ్లకి ఇందులో చాలా పని చేతనవుతుంది.

కార్బొరేటర్ మీద చెయ్యి వేయకముందు బండిని న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, సెల్ఫ్ బటన్ ఒక్కసారి నొక్కండి. ఏం వినిపించిందన్న దాన్ని బట్టే తర్వాత ఎటు వెళ్లాలో తెలుస్తుంది.

సెల్ఫ్ నొక్కితే ఏ శబ్దమూ లేదు

ఇది చాలాసార్లు ఇంజను తప్పు కాదు. ఏటీవీలో బైకు కంటే సేఫ్టీ స్విచ్‌లు ఎక్కువ. హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర కిల్ స్విచ్ ఉంటుంది. పిల్లల మోడళ్లలో వెనకాల లాగే తాడుతో ఇంకోటి ఉంటుంది. ఆటోమేటిక్ బండ్లలో బ్రేకు లివరు పట్టుకుంటేనే సెల్ఫ్‌కు కరెంటు వెళుతుంది. గేర్ల బండి అయితే న్యూట్రల్ స్విచ్ చూసుకోవాలి. బ్రేకు లివరు నొక్కినప్పుడు వెనక బ్రేకు లైటు వెలగకపోతే, బల్బు బాగుందని చూసుకున్నాక, ముందు అనుమానించాల్సింది లివరు దగ్గరి చిన్న స్విచ్‌నే. బురదా ఎరువు దుమ్మూ పట్టి అది బిగుసుకుపోతుంది. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు మళ్లీ పనిచేస్తుంది.

తర్వాత బ్యాటరీ పక్కన ఫ్యూజు. బయటికి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పోయిందంటే అంతే ఆంపియర్లది వేయండి. సిగరెట్ పెట్టె రేకు చుట్టడం, రాగి తీగ పెట్టడం మాత్రం వద్దు, వైరింగ్ మొత్తం కాలిపోతుంది. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోందని అర్థం. వరి కోతలయ్యాక పొలాల్లోంచి ఎలుకలు షెడ్లలో చేరతాయి కదా, సీటు కింద వైర్లు కొరికాయేమో టార్చి వేసి చూడండి.

టక్‌మంటుంది లేదా టకటకలాడుతుంది, ఇంజను మాత్రం తిరగదు

టకటకమని వరుసగా కొట్టుకుంటే బ్యాటరీలో బలం లేదు. మల్టీమీటరు పెట్టి చూడండి. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12 కంటే తక్కువ ఉంటే ముందు చార్జింగ్ పెట్టాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ చివరికొచ్చినట్టే. మూతలున్న బ్యాటరీ అయితే మన ఎండలకు నీళ్లు త్వరగా తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తప్పక చూసుకోండి, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి.

ఒకే ఒక్క గట్టి టక్ వినిపిస్తే రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్) పనిచేస్తోంది కానీ కరెంటు మోటారు దాకా పూర్తిగా చేరట్లేదు. ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. నాకూ అయింది. ఒక దుకాణంలో బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేయించాను. ఇంటికొచ్చాక మళ్లీ అదే టక్. చివరికి బ్యాటరీ మైనస్ నుంచి వచ్చి ఇంజనుకు బిగించిన ఎర్త్ వైరు బోల్టు విప్పి చూస్తే, పైకి నల్లగా బాగానే ఉన్న వైరు కొసలో, రింగు కింద, ఆకుపచ్చ పొడి. దాని వెనక ఇంజను లోహం మీద తుప్పు పొర. ఎమరీ పేపరుతో రెండు వైపులా లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెం గ్రీజు రాశాను. పాత బ్యాటరీ పెట్టినా బండి అందుకుంది.

దీన్ని విప్పకుండానే పట్టుకోవచ్చు. మీటరు ఒక కొసని బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొసని ఇంజను లోహం మీద పెట్టి సెల్ఫ్ నొక్కించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ బాగాలేదు. ఎర్తూ బ్యాటరీ రెండూ బాగుంటే మిగిలేవి రిలే, సెల్ఫ్ మోటారు. ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్లు సెల్ఫ్ మోటారు కార్బన్ బ్రష్‌లు మార్చి ఇస్తారు. బండి మొత్తం మోయక్కర్లేదు, మోటారు ఒక్కటి విప్పి సంచిలో వేసుకెళ్లండి.

ఇంజను తిరుగుతుంది, అంటుకోదు

అదే పనిగా నొక్కకండి. ఐదు సెకన్లు నొక్కి, అర నిమిషం ఆగండి. రెండు మూడు సార్లకు రాకపోతే ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు లేదు. లేదా పెట్రోలు మరీ ఎక్కువైంది. ప్లగ్గు తుడిచి, క్యాపుకి తగిలించి, దాని లోహపు భాగాన్ని ఇంజనుకు ఆనించి తిప్పండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఆనించండి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, నిప్పంటుకోగలదు. నీలంగా, చిటపటమంటూ రావాలి. పసుపుగా నీరసంగా వస్తే, లేదా అసలు రాకపోతే, ముందు ఇంకో మంచి ప్లగ్గుతో చూడండి. అయినా లేకపోతే క్యాపు విప్పండి. తీగ కొస నల్లబడి ఉంటే అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ బిగించండి. కిల్ స్విచ్ మళ్లీ ఒకసారి చూడండి, ఎందుకంటే కొన్ని బండ్లలో అది ఆఫ్‌లో ఉన్నా సెల్ఫ్ తిరుగుతుంది, నిప్పు మాత్రం రాదు. ఇవన్నీ అయ్యాకే ప్లగ్గుకు నిప్పు పుట్టించే కాయిల్, దాన్ని నడిపే సీడీఐ డబ్బా చూడండి.

నిప్పు బాగుండి ప్లగ్గు తడిస్తే చోక్ (చల్లని ఇంజనుకు పెట్రోలు పాలు పెంచే మీట) ఎక్కువైంది. చలి దేశాల కోసం రాసిన మాన్యువళ్లలో చోక్ పూర్తిగా లాగమని ఉంటుంది. 40 డిగ్రీలు దాటే బెజవాడ ఎండలో ఆ మాట వింటే ప్లగ్గు తడిసి ముద్దవుతుంది. చోక్ పూర్తిగా తీసేసి, యాక్సిలరేటర్ నిండుగా పట్టి తిప్పితే ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది.

ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు రావట్లేదు. ట్యాప్ ఆన్‌లో ఉందా? రిజర్వులో పెట్టి చూశారా? కార్బొరేటర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి పట్టండి. ధారగా రాకపోతే ట్యాప్, పైపు, ఫిల్టరు చూడాలి. వస్తే ఆ గ్లాసుని నిమిషం కదపకుండా ఉంచి చూడండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీళ్లు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో రెండు నెలలు కదలకుండా ఉన్న బండికి ఇదే పెద్ద సమస్య. పాత బండ్ల రబ్బరు పైపులు కూడా దీనికి ఉబ్బి మెత్తబడతాయి. ఆ పెట్రోలు మొత్తం తీసేసి కొత్తది పోయండి.

కొత్త పెట్రోలుకీ రాకపోతే అప్పుడు కార్బొరేటర్ విప్పండి. పైలట్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న ఇత్తడి స్క్రూ) తీసి ఆకాశం వైపు పెట్టి చూస్తే, మధ్యలో గుండ్రంగా వెలుతురు చుక్క కనపడాలి. చుక్క లేకపోయినా, చంద్రవంకలా సగమే ఉన్నా, మూసుకుపోయినట్టే. పిన్నీసు, ఇనుప తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే బండి ఇక కుదురుగా నడవదు. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టండి. మిక్చర్ స్క్రూ విప్పే ముందు నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, తిరిగి బిగించేటప్పుడు అక్కడికే తేవాలి.

స్టార్ట్ అవుతుంది, కాసేపటికి ఆగిపోతుంది

ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి వెళ్తే, మూతలోని గాలి దారి మూసుకుపోయింది. చీమలు, కుమ్మరి పురుగు మట్టి కూడా దానికి చాలు. చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయి, వేడెక్కాక ఆపితే మళ్లీ అందుకోకపోతే వాల్వు సందు తగ్గి ఉండొచ్చు. చాలా 110 సీసీ ఇంజన్లకు చల్లగా ఉన్నప్పుడు 0.05 మిల్లీమీటరు ఉండాలి, అయినా మీ బండి మాన్యువల్లో ఉన్నదే ప్రమాణం. ఈ సెట్టింగు చేసిన అలవాటు లేకపోతే మెకానిక్కునే తోటకు పిలిపించండి.

నీళ్లలో మునిగింది

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలా మునిగిన బండికి సెల్ఫ్ కొట్టి చూద్దాం అనుకోవడమే అసలు ప్రమాదం. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు. సిలిండరులో నీళ్లుండగా ఇంజను తిరిగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ముందు బ్యాటరీ తీగలు విప్పండి. ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరిచి నీళ్లు ఒంపేయండి. ప్లగ్గు తీసి, కిక్కరు ఉంటే దానితో నెమ్మదిగా తిప్పితే సిలిండరులో నీళ్లు చిమ్ముకుంటూ బయటికొస్తాయి. తర్వాత ఆయిల్ చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. మొత్తం తీసి కొత్తది పోసి, ఐదు నిమిషాలు నడిపి, అదీ తీసేసి ఇంకోసారి పోయండి. ఆ రంగు పోయేదాకా బండికి బరువు ఎత్తకండి.