గోడ మీద పెన్సిల్ గీత, పక్కన తేదీ

ఒక ఏప్రిల్ నెలాఖరులో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తు కుటుంబం సామాన్లు సర్దుకుని నంద్యాలలో అత్తగారింటికి వెళ్లిపోయింది. కారణం నేనే. వాళ్ల హాల్లో గోడకీ పై స్లాబుకీ మధ్య ఒక బీట ఉంది. జనవరిలో చూసినప్పుడు అందులో మూడు కాగితాలు పట్టాయి. ఏప్రిల్లో మళ్లీ చూస్తే ఏటీఎం కార్డు దూరింది. నేను కాస్త పెద్ద గొంతుతో "ఇది పెరుగుతోందప్పా" అన్నాను. ఆ రాత్రే మీటింగు, తెల్లారేసరికి వాళ్లింటికి తాళం.

ఆ పొద్దున ఆరింటికి తాళంచెవి తీసుకుని వెళ్లి మళ్లీ కార్డు పెట్టాను. దూరలేదు! అప్పుడు గుర్తొచ్చింది, జనవరిలో కొలిచింది పొద్దున ఆరున్నరకి, ఏప్రిల్లో కొలిచింది మధ్యాహ్నం మూడింటికి. కర్నూలు ఎండకి స్లాబు సాగుతుంది. 12 మీటర్ల స్లాబు 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. కింద గోడ నీడలో ఉంటుంది కాబట్టి అంత సాగదు, అందుకే ఆ రెండూ కలిసేచోట బీట నోరు తెరుస్తుంది. సాయంత్రం చల్లబడితే మూసుకుంటుంది. కేసీ (కర్నూలు-కడప) కెనాల్ పనుల మీద ముప్పై ఏళ్లు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడిని, ఈ మాత్రం తట్టకపోవడం సిగ్గుచేటే. ఆ కుటుంబానికి ఫోన్ చేసి వెనక్కి రమ్మనడం ఇంకా కష్టమైంది.

ఆరోజు మొదలుపెట్టిన నోటుబుక్కు ఇప్పటికీ రాస్తున్నాను. బీట ఎంత పెద్దదన్నది ఒక్కరోజు కొలతతో తేలదు. అది కదులుతోందా, ఒకే వైపు కదులుతోందా, లేక వెళ్లి వెనక్కి వస్తోందా అన్నది చూడాలి. దానికి కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటాలి.

ముందు ఇల్లంతా తిరిగి బీటలన్నిటికీ నంబర్లు ఇవ్వండి. ప్రతి బీటకి రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. తర్వాతిసారి గీత దాటి పోయిందంటే పొడుగు పెరిగినట్టు. వెడల్పు కొలిచే చోట కూడా ఒక గుర్తు పెట్టుకోండి, ప్రతిసారీ అక్కడే కొలవాలి. మామూలు జిరాక్స్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు, ఏటీఎం కార్డుది 0.76. ఈ రెండిటితో ఇంట్లో పని జరిగిపోతుంది. తేమ తగలని చోట కాంక్రీటులో 0.3 మిల్లీమీటర్ల దాకా, అంటే మూడు కాగితాల దాకా, పగులు రావచ్చని కాంక్రీటు పనులకి మన దేశంలో పాటించే ఐఎస్ 456 కోడే ఒప్పుకుంటుంది. కాబట్టి వెంట్రుక లాంటి గీత కనబడగానే టెన్షన్ పడకండి. కొలత ఎప్పుడూ సూర్యుడు పైకి రాకముందే తీయండి. మా వాచ్‌మన్ నన్ను చూసి "ఏం సార్, గోడకి జొరమా?" అంటాడు. పొద్దున్నే చూడటం అందుకే మరి, జ్వరం మధ్యాహ్నానికి ఎక్కుతుంది.

అనుమానం ఉన్న బీట మీద పాతకాలం బేల్దారి మేస్త్రీలు గాజు ముక్క అంటించేవాళ్లు. పెయింటు, ప్లాస్టరు గీకి ఇటుక తేలాక, బీటకి అడ్డంగా సన్నటి గాజు పెట్టి రెండు కొసల్లోనూ సిమెంటుతో అతికిస్తారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. నేనూ అలాగే రెండు పెట్టాను. ఒకదాని మీద పెయింటరు నిండా డిస్టెంపర్ కొట్టేశాడు, అది పగిలిందో లేదో ఈరోజుకీ తెలీదు. పైగా గాజు పగిలిందని తెలుస్తుంది గానీ ఎంత, ఎటు అన్నది తెలీదు. అందుకని ఇప్పుడు స్క్రూలు వాడుతున్నాను. బీటకి ఒక పక్క రెండు, రెండో పక్క ఒకటి, మూడూ త్రికోణంలో గట్టిగా బిగించి, వాటి మధ్య దూరాలు డిజిటల్ వెర్నియర్‌తో, అంటే రెండు దవడలున్న కొలత పరికరంతో, కొలుస్తాను. బీట వెడల్పవుతోందా, లేక ఒక పక్క కిందికి జారుతోందా అన్నది రెండూ తెలుస్తాయి. వెర్నియర్ 0.01 దాకా చూపిస్తుంది కానీ మన చేతి వణుకు కలిపితే 0.1 దాకా నమ్మితే చాలు.

ఏ బీట ఎలాంటిదో కూడా చూడాలి. బీముకీ కింద ఇటుక గోడకీ మధ్య వచ్చే అడ్డ బీట చాలా వరకు రెండు రకాల సరుకు కలిసిన గుర్తే, ప్లాస్టరు పనితో పోతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, మెట్లు మెట్లుగా దిగే బీట పునాది సంగతి చెబుతుంది. పిల్లరు పొడవునా నిలువుగా వస్తే లోపల కంబీలు తుప్పు పడుతున్నాయని అర్థం. తుప్పు ఇనుము కన్నా చాలా చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటుని లోపల్నుంచే తోస్తుంది. బీము పిల్లరుని కలిసేచోట, కొస దగ్గర ఏటవాలుగా పగిలితే మాత్రం కాగితాలూ కార్డులూ పక్కన పెట్టేయండి. అలాంటి బీము ముందుగా చెప్పి కూలదు. తలుపులు రెండు మూడు ఒకేసారి బిగుసుకుపోయినా, బీటలోంచి కొత్తగా పొడి రాలుతున్నా, పిల్లరు పెచ్చులూడి కంబీలు ఉబ్బి బయటికొచ్చినా, మనుషులు ముందు బయటికి రావాలి, ఇంజనీరుకి ఫోన్ రోడ్డు మీద నుంచి చేయొచ్చు.

మన దగ్గర పునాది సంగతి అంటే సగం నల్లరేగడి సంగతే. ఎండకి నెర్రెలిచ్చి కుంచించుకుంటుంది, వానకి ఉబ్బుతుంది. అందుకే పిల్లర్ల మట్టం ఏడాదికి రెండుసార్లు, మే ఆఖరున ఒకసారి, నవంబరులో ఒకసారి, చూస్తాను. దీనికి మేస్త్రీల నీళ్ల లెవల్ పైపు చాలు. పారదర్శకంగా ఉన్న పైపులో నీళ్లు నింపి, రెండు చుక్కల నీలిమందు కలిపి, బుడగలన్నీ పోయేదాకా వేలితో తట్టండి. ఒక్క బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది, నేను మొదటిసారి పిల్లరు 15 మిల్లీమీటర్లు దిగిందని లెక్కతేల్చుకుని గుండె పట్టుకున్నది అందుకే. బీటలేమీ లేని ఒక పిల్లరుని ఆధారంగా పెట్టుకోండి. అక్కడి నీటి మట్టం దగ్గర హాక్సా బ్లేడుతో గాటు పెట్టి, మిగతా పిల్లర్లన్నిటి మీదా అదే మట్టానికి గాట్లు పెట్టండి. పెన్సిల్ గీత పెయింటుకి పోతుంది, గాటు పోదు. ఆరు నెలల తర్వాత ఆధారం పిల్లరు గాటుకి నీళ్లు సరిచేసి, తక్కినవి ఎంత పైకో కిందికో స్కేలుతో చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కొలతలోనే ఉంటుంది, దాన్ని లెక్కచేయకండి. 3 మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్ల మధ్య తేడా 10 మిల్లీమీటర్లకి చేరితే గోడలు పగలడం మొదలవుతుంది. మాకు నాలుగో నంబరు పిల్లరు రెండేళ్లలో 6 మిల్లీమీటర్లు దిగింది. తవ్వి చూస్తే పక్కనే డ్రైనేజీ పైపు జాయింటు ఊడి, మట్టిని మెల్లగా కోస్తోంది. పైపు మార్చాం, ఆ తర్వాత మూడుసార్లు కొలిచినా అక్కడే ఉంది.

మా సెల్లారు పిల్లర్ల మీద 2009 అక్టోబరు వరద మరక ఇప్పటికీ కనిపిస్తుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చిన రోజులవి. అలా నానిన పిల్లర్లకి ఇంకో పరీక్ష చేయించాం. తెలిసిన పాలిటెక్నిక్ లెక్చరరు చిన్న రంధ్రం చేసి ఫినాల్ఫ్తలీన్ అనే రంగు మారే రసాయనం చుక్కలు వేశాడు. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకి తిరుగుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తిన్నంత మేర రంగు రాదు. పిల్లర్లో కంబీల మీద కాంక్రీటు 40 మిల్లీమీటర్లు ఉండాలి. రంగు రాని లోతు దానికి దగ్గరైతే కంబీకి రక్షణ పోయినట్టే. రీబౌండ్ హ్యామర్ (కాంక్రీటుకి తగిలి ఎంత ఎగిరివస్తుందో చూపే స్ప్రింగు సుత్తి) ఒక్కటే కొట్టి బాగుందనే ఇంజనీరుని నమ్మకండి. అది పై పొరనే చూస్తుంది, అలా కార్బన్ డయాక్సైడ్ తిన్న పొర గట్టిపడి ఎక్కువ అంకె చూపిస్తుంది. ధ్వని తరంగాలు లోపలికి పంపి చూసే అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా అడగండి.

ఫోన్‌లో ఊపు కొలిచే యాప్‌లున్నాయి. డాబా మీద పెట్టి చూశాను, లిఫ్టూ నీళ్ల మోటారూ తప్ప ఏమీ కనబడలేదు. పెద్ద బిల్డింగులకీ వంతెనలకీ పెట్టే యాక్సెలరోమీటర్లు వేరు. కట్టడం సహజంగా ఊగే వేగాన్ని, అంటే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో, ఏళ్ల తరబడి పడతాయి. దాని బిగువు 20 శాతం తగ్గితే ఆ వేగం 10 శాతం దాకా తగ్గుతుంది. అక్కడా ఎండా చలీ లెక్క తీసేశాకే ఏదైనా చెప్పగలుగుతారు, నా కార్డు కథే.

వంతెన విషయానికొస్తే, జనం పైన రోడ్డు గుంతలు చూస్తారు. చాలా వంతెనలు కింద నుంచే పోతాయి. వరద పునాది చుట్టూ ఇసుక కోసుకుపోతుంది, నీళ్లు తగ్గాక గుంత మళ్లీ వదులు ఇసుకతో నిండి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. 2021 నవంబరు వరదల్లో కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. మీ ఊరి వంతెనని వేసవిలో, ఏరు ఎండినప్పుడు కిందికి దిగి చూడండి. పిల్లరు మీద పునాది పైఅంచు నుంచి ఇసుక దాకా ఎంత ఉందో టేపుతో కొలిచి రాసుకోండి, వరద తర్వాత మళ్లీ కొలవండి. ఇసుక తవ్వకాలు జరిగే చోట ఇది ఏటేటా దిగుతుంది. పైన జాయింటు దగ్గర సందు చూడండి. 30 మీటర్ల స్పాను (రెండు పిల్లర్ల మధ్య ముక్క), 30 డిగ్రీల తేడా అంటే సుమారు 9 మిల్లీమీటర్ల కదలిక. ఆ సందులో రాళ్లూ తారూ ఇరుక్కుంటే వంతెన ఎటూ సాగలేక బేరింగుని, అంటే పిల్లరు మీద స్పాను కూర్చునే దిమ్మెని, తోస్తుంది. రెయిలింగు మీద కన్ను ఆనించి పొడుగునా చూస్తే ఏ స్పాను కుంగిందో టేపు లేకుండానే దొరుకుతుంది.

తేడా కనిపిస్తే ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, ఏ పిల్లరో మీ ఊరి ఒడ్డు నుంచో అవతలి ఒడ్డు నుంచో లెక్కపెట్టి రాయండి, కిలోమీటరు రాయి నంబరు వేయండి. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఆఫీసులో కాగితం మీద ఇచ్చి, జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. నేను ఇచ్చినదానికి మూడోసారి వెళ్తేగానీ ముద్ర పడలేదు. అది నోటుబుక్కులోనే పిన్ను చేసి ఉంచాను.