పాత కారు వేడెక్కుతోందా? రేడియేటర్ కొనే ముందు చూసుకోవాల్సినవి

కొత్త దేశానికి వచ్చిన మొదట్లో చాలామంది కొనేది బాగా తిరిగిన పాత కారే. అందులో తప్పేం లేదు, కానీ అలాంటి బండి ఏదో ఒక రోజు టెంపరేచర్ ముల్లుని ఎర్ర గీత వైపు పంపిస్తుంది, తెలిసినవాళ్లని అడిగితే చూడకుండానే "రేడియేటర్ పోయి ఉంటుంది, మార్చెయ్" అంటారు. ఆ మాట పట్టుకుని ఆ రాత్రే ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా చవకైనది ఆర్డర్ పెట్టేయకండి. పోయింది రేడియేటరేనా అన్నది ముందు తేలాలి. అది తేల్చుకోకుండా డబ్బు పెడితే కొత్త రేడియేటర్ వేసుకున్నాక కూడా బండి అలాగే ఉడుకుతుంది.

ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు పైకెక్కి, బండి కదలగానే దిగిపోతుంటే అనుమానం ఫ్యాన్ మీదికి వెళ్లాలి: మోటారు, ఫ్యూజు, రిలే, సెన్సర్, వీటిలో ఏదైనా కావచ్చు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న చాలా బళ్లలో ఏసీ వేస్తే కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి, కాబట్టి ఏసీ వేసి బానెట్ ఎత్తి చూడటం పైసా ఖర్చులేని పరీక్ష (చేతులు మాత్రం దూరంగా ఉంచండి, ఆ ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పి తిరగదు). అదే హైవే మీద, ఎత్తు రోడ్డు ఎక్కుతున్నప్పుడు వేడెక్కుతుంటే కూలెంట్ (ఇంజిన్ వేడిని రేడియేటర్‌కి మోసుకెళ్లే ద్రవం) సరిగ్గా తిరగడం లేదేమో అనుకోవాలి. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) పూర్తిగా తెరుచుకోకపోయి ఉండొచ్చు, వాటర్ పంప్ అరిగిపోయి ఉండొచ్చు.

వీటిలో రేడియేటర్‌ని విడిగా పట్టుకోవాలంటే చేతిలో పట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. ఇంజిన్ బాగా వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకున్నాక, ఫ్యాన్‌కి దూరంగా ఉండి రేడియేటర్ ముఖమంతా వరసగా కొలుచుకుంటూ రండి. కూలెంట్ లోపలికొచ్చే వైపు నుంచి బయటికెళ్లే వైపుకి వేడి మెల్లగా తగ్గుతూ రావాలి. అలా కాకుండా మధ్యలో ఒక్కసారిగా చల్లటి పట్టీ తగిలితే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్టే. ఇంకోటి, ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్‌కి ముందు అలాంటి జాలీలాగే ఉండే ఏసీ భాగం) రేడియేటర్‌కీ మధ్య సందులోకి టార్చి వేసి చూడండి. పాత బళ్లలో అక్కడ ఎండుటాకులు, దుమ్ము, పురుగులు మందంగా పేరుకుని ఉంటాయి, ముందు నుంచి చూస్తే ఏమీ కనపడదు. అది శుభ్రం చేశాక బండి మామూలుగా అయిపోతే సంతోషం.

రేడియేటర్ మూతని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన ద్రవం మామూలుగా అయితే దాదాపు 106 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత, మూత మీద రాసి ఉంటుంది) మూత బిగించి ఒత్తిడి నిలబెడితే అదే 129 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు చచ్చిపోతే ఆ తేడా అంతా పోతుంది. మొత్తం వ్యవస్థలో బాగా చవకైన భాగాల్లో ఇదొకటి, ముందు అది మార్చి చూడండి. కొత్త మూత మీద రాసున్న అంకె పాత దానితో సరిపోవాలి, ఎక్కువ ఉంటే మంచిదేమో అనుకోకండి, అరిగిన హోసులు తట్టుకోలేవు.

ఇక హెడ్ గాస్కెట్ సంగతి, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని పై భాగానికీ మధ్య ఉండే పలచటి సీలు, ఇది అందరూ భయపెట్టేదే. కూలెంట్ ఎక్కడా కారకుండానే తగ్గిపోతుండటం, సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా రావడం, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారడం దాని గుర్తులు. అయితే చలి దేశంలో రోజూ దగ్గర దూరాలే తిరిగే బండికి ఆయిల్ మూత కింద కొంచెం తెల్లటి జిడ్డు చేరడం మామూలే, అది చూసి టెన్షన్ పడకండి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీద ఆయిల్ ఎలా ఉందో చూడండి. మెకానిక్ దగ్గర గ్యాస్ పరీక్ష చేయించుకోవచ్చు, రేడియేటర్ మెడ దగ్గర పెట్టిన నీలం ద్రవం పసుపు రంగుకి తిరిగితే గాస్కెట్ పోయినట్టు. అప్పుడు రేడియేటర్ మీద డబ్బు పెట్టకండి, ఆ బండి అసలు ఉంచుకోవాలా అని ఆలోచించండి.

సరే, పోయింది రేడియేటరే అని తేలింది. మోడల్ పేరు, సంవత్సరం చెప్పి కొనడం సరిపోదు, మనలాంటివాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. మీ దేశంలో మీకు తెలిసిన కారూ ఇక్కడ అదే పేరుతో తిరిగే కారూ లోపల ఒకటే కానక్కర్లేదు, ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు, కొన్నిసార్లు మొత్తం బండే వేరు. ఇంకో దేశంవాళ్లు చేసిన వీడియో చూసి పార్టు నంబర్ రాసుకోకండి. కారు విన్ నంబర్, అంటే అద్దం కింద ఓ మూలనో రిజిస్ట్రేషన్ కాగితం మీదో ఉండే 17 అక్షరాల నంబరు, అది ఇచ్చి వెతికించండి.

గేర్‌బాక్స్ ఆటోమేటిక్ అయితే ఇంకాస్త జాగ్రత్త. చాలా ఆటోమేటిక్ బళ్లలో గేర్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ రేడియేటర్ ట్యాంకులోనే ఉంటుంది, దానికి రెండు సన్నటి పైపులు విడిగా వస్తాయి. మాన్యువల్ బండి రేడియేటర్‌కి ఆ రంధ్రాలు ఉండవు, చూడటానికి మాత్రం రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆ కూలరే లోపల చిట్లితే కూలెంట్ గేర్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ గులాబీ రంగు నురగలా తయారవుతుంది, ఆ తర్వాత గేర్‌బాక్సే పోతుంది. అందుకే ఆటోమేటిక్ బండికి పాత ఇనుప సామాన్ల యార్డు నుంచి రేడియేటర్ తెచ్చుకోవద్దనే నా మాట. ఫ్యాన్ కవరు, బ్రాకెట్లు అక్కడ తెచ్చుకోండి, ఫర్వాలేదు.

కొలతలు తీసేటప్పుడు రెండు చివర్లా ఉండే ట్యాంకులు వదిలేసి ఫిన్స్ (పలచటి రేకులు) ఉన్న భాగాన్నే, అంటే కోరునే కొలవండి: ఎత్తు, వెడల్పు, మందం. మందం దగ్గర చాలామంది ఆశపడతారు, లావుగా ఉంటే బాగా చల్లబడుతుందని. లావైతే ఫ్యాన్ తగులుతుంది, లేదా గాలి దూరడం కష్టమవుతుంది. ఫ్యాక్టరీలో ఎంత ఉందో అంతే తీసుకోండి. హోస్ మూతులు ఎటు ఉన్నాయి, సెన్సర్ బిగించే రంధ్రం ఉందా, కింద నీళ్లు వదిలే బిరడా ఉందా, ఫ్యాన్ కవరు బోల్టులు సరిపోతాయా, ఇవి ఫొటోతో పోల్చుకోండి. అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్నదే మామూలు కారుకి చాలు. ఆ రెండూ కలిసే అంచు దగ్గర ఏళ్లు గడిచాక చిట్లడం నిజమే, కానీ కంపెనీ రకం పెట్టుకుంటే మళ్లీ చాలా ఏళ్లు లాగుతుంది. తళతళలాడే రేసింగ్ అల్యూమినియం రేడియేటర్ల జోలికి పోవద్దు. డెన్సో, వాలియో, మాలే లాంటివి కార్ల కంపెనీలకే సరఫరా చేస్తాయి, నిస్సెన్స్, కోయో కూడా బాగానే పేరున్నవి. పెట్టె రాగానే విప్పి చూడండి, పాతదాని పక్కన పెట్టి పోల్చేదాకా బిగించనివ్వకండి, ఒకసారి బిగించినదాన్ని చాలా షాపులు వెనక్కి తీసుకోవు.

మెకానిక్‌ని ముందే అడగాల్సిన మాట ఒకటుంది: పార్టు నేనే తెస్తే, రేపు లీకైతే కూలి మళ్లీ అడుగుతారా? అడుగుతారనే అంటారు చాలామంది. అప్పుడు వాళ్ల ద్వారానే కొని కొంచెం ఎక్కువిచ్చినా మేలే. ఎస్టిమేట్ రాతపూర్వకంగా తీసుకోండి, అందులో థర్మోస్టాట్, పై హోసూ కింద హోసూ, కొత్త కూలెంట్, కూలెంట్ గొట్టాల్లో చిక్కిన గాలి తీయడం అన్నీ ఉన్నాయో లేదో చదవండి.

వేడి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకి ఉన్న అలవాటు, కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోసేయడం. చలికాలం గడ్డకట్టే చోట అది ఇంజిన్‌ని చంపేస్తుంది, నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఇంజిన్ బ్లాక్ పగలడానికి అది చాలు. సగం సగం కలిపిన కూలెంట్ సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు ఆగుతుంది. డబ్బా మీద కలిపి అమ్మేదో, మీరు డిస్టిల్డ్ వాటర్ కలుపుకోవాల్సినదో చూసుకోండి. రంగు చూసి కొనకండి, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది, కారు మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉంటే అదే పోయాలి. పాత కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది, పిల్లలూ కుక్కలూ నోట పెట్టుకోకుండా మూసి పెట్టండి, కాలవలో పారబోయకుండా వాడిన ఆయిల్ తీసుకునే చోట అడగండి.

ఇదంతా అయ్యేలోపు దారిలో ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేడికి తిప్పి ఫ్యాన్ గట్టిగా పెట్టండి, ఎండాకాలమైనా సరే. అది ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది, పక్కకి ఆపుకునే టైం దొరుకుతుంది. ఆపాక ఇంజిన్ కట్టేయండి. మూత జోలికి వెళ్లకండి, ఇంజిన్ చల్లారిందన్న నమ్మకం కుదిరేదాకా. లీకు మూసే మందు పోద్దామని ఎవరైనా అంటే వద్దనండి, అది లీకుతో పాటు హీటర్ సన్నటి గొట్టాల్నీ మూసేయగలదు, మంచు కాలంలో హీటర్ లేని బండిలో కూర్చోవడం ఏమిటో అప్పుడు తెలుస్తుంది. కొత్త రేడియేటర్ వేశాక మొదటి కొన్ని రోజులు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ మట్టం చూస్తుండండి. లోపల మిగిలిన గాలి బయటికొస్తే కాస్త తగ్గడం సహజం, ఆ తర్వాత కూడా రోజూ తగ్గుతుంటే బండిని మళ్లీ తీసుకెళ్లి చూపించండి.