ట్రైలర్ లాగడం నేర్చుకుందాం – 4వ పాఠం: బరువు పంచే హిచ్‌ను అమర్చడం

గత పాఠంలో ట్రైలర్ ముక్కు బాల్ మీద (అంటే ట్రైలర్‌ను తగిలించడానికి బండి వెనక ఉండే ఇనుప గుండు మీద) ఎంత బరువు మోపుతోందో కొలిచాం. ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. బస్తాలు వెనక్కి పేరిస్తే కాడి లేస్తుంది, మరీ ముందుకు పేరిస్తే ఎడ్ల మెడలు కుంగుతాయి. ట్రావెల్ ట్రైలర్‌కు సామానుతో కలిపిన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బాల్ మీద పడాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటున్నాం. ఆ బరువు లాగే బండిని ఏం చేస్తుంది, దాన్ని ఎలా సర్దాలి అన్నది ఈసారి సంగతి.

బాల్ ఉండేది వెనక ఇరుసు మీద కాదు, దానికి నాలుగైదు అడుగుల వెనక. అందుకే అక్కడ 700 పౌండ్లు దింపితే వెనక ఇరుసు మీద 700తో సరిపోదు, దాదాపు 980 పడుతుంది. ఆ పైన పడ్డ 280 పౌండ్లు ముందు చక్రాల నుంచి లేచి వచ్చినవే. వెనక భాగం కుంగడం అందరికీ కనిపిస్తుంది. ముందు భాగం తేలడం మాత్రం డ్రైవర్ చేతికే తెలుస్తుంది: స్టీరింగ్ వదులుగా అనిపిస్తుంది, బ్రేకులో ఎక్కువ పని చేయాల్సిన ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. కాబట్టి ఈ పాఠం మొత్తంలో మన దృష్టి ముందు చక్రాల మీదే. వెనక బంపర్ అందంగా సమంగా కనబడుతోందా అన్న ప్రశ్న పక్కన పెట్టండి.

దీన్ని సర్దేది బరువు పంచే హిచ్, అంటే ట్రైలర్‌ను బండికి తగిలించే సాధనంలో ఒక రకం. బాల్ బిగించి ఉండే హిచ్ హెడ్ నుంచి రెండు స్ప్రింగ్ బార్లు ట్రైలర్ ఫ్రేమ్ వెంట వెనక్కి వెళ్తాయి. వాటి చివరలను పైకి వంచి బిగిస్తే అవి మీటల్లా పనిచేసి బండి వెనక భాగాన్ని లేపుతాయి, ముందు భాగాన్ని కిందికి నొక్కుతాయి. వెనక ఇరుసు మీది బరువులో కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రైలర్ ఇరుసులకు చేరుతుంది. జరిగేది ఇంతే. సామాను తప్పుగా పేర్చుకుంటే ఈ హిచ్ సరిచేయదు. బండి డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసిన పేలోడ్‌ను, అంటే బండి మోయగల బరువును, పెంచదు. రిసీవర్ (బండి వెనక హిచ్‌ను దూర్చే గొట్టం) మీద లేబుల్ చూడండి. బరువు పంచే హిచ్‌తో ఎంత, అది లేకుండా ఎంత అని రెండు పరిమితులు విడిగా ఉంటాయి. పెద్ద అంకె ఉంది కదా అని చిన్నదాన్ని మరిచిపోవద్దు.

బార్లు 600, 800, 1,000, 1,200 పౌండ్లు అని రకరకాల సామర్థ్యాల్లో వస్తాయి. టంగ్ వెయిట్‌కు, బండిలో వెనక ఇరుసుకు అవతల పెట్టే సామాను బరువు కలిపి ఎంచుకోవాలి. ఎక్కువదైతే మంచిదే కదా అని 700 పౌండ్లకు 1,200 బార్లు కొంటే అవి సరిగా వంగవు, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది.

కొలతలు మొదలుపెట్టే ముందు ట్రైలర్‌ను ప్రయాణానికి సర్దినట్టే సర్దండి. ఖాళీ ట్రైలర్‌తో చేసిన సెట్టింగ్ ఎందుకూ పనికిరాదు. నీళ్లు గ్యాలన్‌కు 8.3 పౌండ్లు, అంటే 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 330 పౌండ్లకు పైనే. ఆ ట్యాంకు ట్రైలర్ ఇరుసులకు ముందుందా, వెనకుందా అన్నదాన్ని బట్టి టంగ్ వెయిట్ పెరుగుతుంది లేదా తగ్గుతుంది. మనవాళ్ల ట్రైలర్లలో ముందు అర తలుపు తీస్తే బియ్యం బస్తా, ప్రెషర్ కుక్కర్, ఇడ్లీ పాత్ర, ఒక్కోసారి గ్రైండర్ కూడా దర్శనమిస్తాయి. అదంతా టంగ్ మీద పడే బరువే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెనక సీట్లో కూర్చుంటే వాళ్ల బరువు పేలోడ్‌లోకి వెళ్తుంది. వాళ్లను మొహమాటం లేకుండా బండిలో కూర్చోబెట్టే కొలవండి.

నేల సమంగా ఉండాలి, టైర్లలో గాలి సరిగా ఉండాలి, ట్రైలర్ చక్రాలకు ముందూ వెనకా అడ్డుకట్టలు పెట్టాలి. బండికి ఎయిర్ సస్పెన్షన్ ఉంటే కొలిచే ముందు దాన్ని ఏం చేయాలో మాన్యువల్ చూడండి. అది దానంతటదే ఎత్తు సర్దుకుంటుంటే మన టేపుకు అబద్ధం చెబుతుంది.

మొదటి కొలత: ట్రైలర్ తగిలించకుండా, ముందు చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా పైనున్న ఫెండర్ అంచు నేలకు ఎంత ఎత్తులో ఉంది? 36 అంగుళాలు అనుకుందాం. తర్వాత ట్రైలర్‌ను సమంగా నిలబెట్టి కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు చివర) ఎత్తు కొలవండి. బరువు పడ్డాక బండి కాస్త దిగుతుంది కాబట్టి బాల్‌ను ఆ ఎత్తుకంటే సుమారు ఒక అంగుళం పైన అమర్చి మొదలుపెట్టవచ్చు. బాల్ నట్ బిగించడం చేతి బలంతో అయ్యే పని కాదు. కాడ (నట్ ఎక్కే భాగం) అంగుళంపావు మందం ఉన్న బాల్‌కు సాధారణంగా 450 ఫుట్-పౌండ్ల టార్క్ అడుగుతారు, ఇళ్లలో ఉండే రెంచ్ అంత దూరం రాదు. హిచ్ అమ్మే షాపులో బిగించుకుని రండి.

రెండో కొలత: ట్రైలర్ తగిలించి, జాక్ మీది బరువంతా బాల్ మీదికి దించి, బార్లు పెట్టకుండా అదే చోట. 36¾ వచ్చిందనుకుందాం. అంటే ముందు భాగం ముప్పావు అంగుళం తేలింది.

ఇందులో ఎంత వెనక్కి తేవాలి? ఇక్కడే ఎవరి మాట వినాలో తెలియక చాలామంది తికమక పడతారు. బండి తయారీదారులు అందరూ ఒకటే చెప్పరు. కొందరు సగం అంటారు, కొందరు మూడింట రెండు వంతులు, కొందరు మొత్తం. మీ బండి మాన్యువల్ ఏం చెబితే అదే మీకు ప్రమాణం, క్యాంప్‌గ్రౌండ్‌లో పక్క సైట్ పెద్దమనిషి కాదు. సగం అన్నారంటే మన లక్ష్యం 36⅜. ఒక్క గీత మాత్రం దాటకండి: ముందు భాగం మొదటి కొలతకంటే కిందికి దిగకూడదు. దిగిందంటే వెనక ఇరుసు మరీ తేలికైంది. అప్పుడు తడి రోడ్డు మలుపులో వెనక చక్రాలు పక్కకు జారి, ట్రైలర్ బండిని తోసుకుంటూ మడిచేయవచ్చు. కొత్తగా కొన్నవాళ్లు ఎంత బిగిస్తే అంత భద్రం అనుకోవడం నాకు అన్నిటికన్నా భయం కలిగించే విషయం.

మూడో కొలత బార్లు బిగించాక. కప్లర్‌కు లాక్ వేసి, దానికి పిన్ను పెట్టి, ట్రైలర్ జాక్‌తో కప్లర్‌నూ బండి వెనక భాగాన్నీ కలిపి పైకెత్తండి. తగినంత లేస్తే బార్లు సులువుగా చోటులోకి వస్తాయి. బలవంతం చేయాల్సి వస్తోందంటే జాక్ ఇంకా ఎత్తాలని అర్థం. ఆ చివరల్లో వందల పౌండ్ల ఒత్తిడి ఉంటుంది. బార్ల చివరలను గొలుసుతో పైకి బిగించే రకంలో హ్యాండిల్ చేజారితే ఎగిరి వచ్చి తగులుతుంది, కాబట్టి మొహం పక్కకు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. జాక్ దించి కొలవండి.

లక్ష్యం దూరంగా ఉంటే మొదట గొలుసు లింకులతో సర్దండి. పైన కొక్కానికి మరో లింకు బిగిస్తే ఒత్తిడి పెరుగుతుంది. గొలుసు లేని రకంలో ట్రైలర్ మీది బ్రాకెట్‌ను ఒక రంధ్రం పైకి జరపాలి. కనీసం ఎన్ని లింకులు వేలాడాలో హిచ్ పుస్తకంలో ఉంటుంది, అంతకు తగ్గించవద్దు. అప్పటికీ చాలకపోతే హిచ్ హెడ్‌ను ట్రైలర్ వైపు ఇంకాస్త వంచాలి, అందుకు లోపల వాషర్లు చేరుస్తారు. చివరగా ట్రైలర్ సమంగా ఉందో చూడండి. ముక్కు కొంచెం కిందికి ఉన్నా ఫర్వాలేదు, పైకి లేచి ఉంటే బాల్ ఎత్తు తగ్గించి అన్నీ మళ్లీ కొలవాలి.

టేపుతో సరిచూసుకున్నాక కాటా దగ్గరికి వెళ్లాలి. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది, బండి ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేర్వేరు పలకల మీద ఆగుతాయి. అదే మనుషులు, అదే సామాను, అదే పెట్రోలుతో మూడుసార్లు తూగాలి: బార్లు బిగించి, బార్లు విప్పి, ట్రైలర్ పక్కన వదిలి బండి ఒక్కటే. ఒక పికప్ లెక్క చూద్దాం. ఒంటరిగా ముందు 3,100, వెనక 2,500. బార్లు లేకుండా ముందు 2,820, వెనక 3,480, ట్రైలర్ ఇరుసులు 5,100. బండి 700 పౌండ్లు పెరిగింది, అదే టంగ్ వెయిట్. ట్రైలర్ మొత్తం 5,800, అందులో 700 అంటే 12 శాతం. బార్లతో ముందు 2,960, వెనక 3,240, ట్రైలర్ ఇరుసులు 5,200. వెనక నుంచి దిగిన 240లో 140 ముందుకు, 100 ట్రైలర్‌కు వెళ్లాయి. ముందు పోయింది 280, తిరిగి వచ్చింది 140. సరిగ్గా సగం.

మీ మూడు చీటీలూ ఇలాగే లెక్కగట్టి, వెనక ఇరుసు బరువును డోర్ స్టిక్కర్‌లోని వెనక ఇరుసు పరిమితితో పోల్చండి. లింకుల సంఖ్య, వాషర్ల సంఖ్య, ఫెండర్ కొలతలు ఒక కాగితం మీద రాసి గ్లోవ్‌బాక్స్‌లో పెట్టుకోండి. సామాను బాగా మారినా, టైర్లు మార్చినా ఆ కాగితం పాతబడినట్టే. వచ్చే పాఠంలో బ్రేక్ కంట్రోలర్ సర్దేటప్పుడు ట్రైలర్ ఇరుసుల బరువు మళ్లీ అవసరమవుతుంది, చీటీలు పారేయకండి.